మూత వేసే ముందు సంతకం

కీత్ ఫోన్ చేసినప్పుడు నాన్నా నేనూ వెంబ్లీలో మా షాపు వెనక సందులో పొడుగు నల్ల బండి కడుగుతున్నాం. శవపేటికలు తీసుకెళ్ళే బండి అది. కీత్ క్రిమటోరియంలో శవాల్ని దహనం చేసే మెషిన్ దగ్గర పనిచేస్తాడు. నాన్నకి పదేళ్ళుగా తెలుసు. నాన్న తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. చాలాసేపు "యెస్ కీత్, యెస్ కీత్" అంటూ విన్నాడు. తర్వాత బకెట్లో సగం నీళ్ళు ఇంకా ఉన్నా పారబోసి, "ఇవాళ్టికి చాల్లే అమ్మడూ" అన్నాడు. బండికి ఒక పక్క నురగ అలాగే ఉండిపోయింది.

అది 2006 అక్టోబరు. నాకు స్కూలు సెలవులు. ముందు రోజు మేము గోపాల్‌రావు గారిని తీసుకెళ్ళాం. ఆయన హారోలో ఉండే డాక్టరు. నాన్న ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే మార్చురీ పోర్టరుగా ఉండేవాడు. పోర్టర్లని పేరుపెట్టి పిలిచే డాక్టర్లు తక్కువట. ఆయన మాత్రం "ఏం భానుప్రకాష్, తిన్నావా?" అని తెలుగులో అడిగేవారట. ఆ తర్వాత నాన్న సొంతంగా, అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ డైరెక్టరని బోర్డు పెట్టుకున్నాడు. ఆయన పోయాక, వాళ్ళావిడ ప్రభావతి ఆంటీ ఇంకెవరినీ అడగకుండా నాన్నకే కబురు చేసింది.

కీత్ ఫోన్లో చెప్పింది ఇదీ. ఆయన పెట్టె మెషిన్‌లోకి వెళ్ళిన ఇరవై నిమిషాలకి లోపల ఏదో పేలింది. ఇటుకల వరస ఒకటి పగిలింది. సరిగ్గా అప్పుడే కీత్ లోపలికి చూసే చిన్న కిటికీ దగ్గర వంగి ఉన్నాడు. గాజు చిట్లి అతని చెంప కోసుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. మెషిన్ చల్లారాక బూడిదలో వంకరలు పోయిన రాగి రేకు ఒకటి దొరికింది.

వారం తిరక్కుండా క్రిమటోరియం నడిపే కౌన్సిల్ నుంచి, అంటే ఇక్కడి మున్సిపాలిటీ నుంచి, ఉత్తరం వచ్చింది. ఇక్కడ ఈ పనికి ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. ఎవరైనా చెయ్యవచ్చు. కానీ మా కౌన్సిల్ తన క్రిమటోరియంలోకి ఎవరిని రానివ్వాలో ఒక జాబితా పెట్టుకుంది. ఆ జాబితాలో పేరు ఉంటే లైసెన్సు ఉన్నట్టే, లేకపోతే లేనట్టే. దాన్ని చూసుకోవడానికి ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఉంది. మీ పేరు ఎందుకు తీసెయ్యకూడదో నవంబరు ఇరవై మూడున వచ్చి చెప్పండి, ముందుగా రాతపూర్వకంగా వివరణ పంపండి, అని ఆ ఉత్తరంలో ఉంది.

దూరంలో వేరే క్రిమటోరియాలు ఉన్నాయి. కానీ నాన్నకి తెలిసినంతలో, కొడుకుని కింద మెషిన్ దాకా వెళ్ళనిచ్చి, అతని చేత్తోనే బటన్ నొక్కనిచ్చేది ఇదొక్కటే. మనవాళ్ళు తలకొరివికి బదులు ఇక్కడ ఆ బటన్ నొక్కుతారు. అది లేకపోతే మా షాపుకి ఎవరూ రారు. ఈ విషయం అమ్మ ఆ ఉత్తరం చదవకుండానే చెప్పింది.

"ప్రభావతి గారు ఒక్క ముక్క రాసిస్తే అయిపోతుంది గదా," అంది అమ్మ చపాతీలు చేస్తూ. "పెట్టెలో అది మేమే పెట్టాం, ఈయనకి తెలీదు అని. మీకు మొహమాటమైతే నేను వెళ్ళి అడుగుతాను."

"ఏమని అడుగుతావు?"

"పెట్టెలో ఏం పెట్టారండీ అని."

"ఎందుకూ అంటుంది. అప్పుడేం చెప్తావు? మీ ఆయన లోపలికెళ్ళాక పేలిందండీ, ఇటుకలు విరిగాయండీ, అని చెప్తావా?"

అమ్మ చపాతీ తిప్పడం ఆపింది. "ఛీ. ఏం మాటలవి?"

"వినడానికే నీకు ఛీ అనిపించింది. ఆవిడకి ఇంకా పదకొండో రోజు కాలేదు."

"మరి మీరే పెట్టారని వాళ్ళనుకుంటే?"

"నేనెందుకు పెడతాను? రాగి సామాన్లు దాచుకోడానికి నాకు ఇంకో చోటు దొరకలేదా?"

"ఆ జోకు అక్కడ వెయ్యకండి," అంది అమ్మ. చపాతీ అప్పటికే మాడింది.

వివరణ టైపు చేసే పని నాది. మా ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు మాట్లాడడం ఎవరూ నేర్పలేదు గాని, స్పెల్లింగులూ గ్రామరూ మాత్రం మేష్టారు వేళ్ళ మీద కొట్టి నేర్పారు. రెండేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చినా ఇప్పటికీ క్లాసులో నోరు విప్పను. రాయమంటే రాస్తాను. నాన్న తెలుగులో చెబుతుంటే ఇంగ్లీషులో టైపు చేస్తున్నాను. ఎన్నేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాడో చెప్పాడు. ఇంతవరకు ఫిర్యాదు ఒక్కటీ లేదన్నాడు. కీత్‌కి తగిలిన దెబ్బకి చాలా బాధపడుతున్నానన్నాడు.

"ఆ వస్తువుని మా సిబ్బందిలో ఎవరూ చూడలేదు. అది రాయి."

ఆ వాక్యం టైపు చేశాను. చివర చుక్క పెట్టలేదు.

మా సిబ్బంది అంటే నాన్న, పెట్టె మొయ్యడానికి వచ్చే ఇద్దరు, పోయిన ఆడవాళ్ళకి చీర కట్టవలసి వస్తే అమ్మ, అమ్మకి కుదరనప్పుడు పూలబుట్టా కుంకుమా పట్టుకుని వెళ్ళే నేను.

"నేను చూశాను నాన్నా," అన్నాను.

నాన్నకి వెంటనే అర్థం కాలేదు. "ఏం చూశావు?"

నేను రోజూ డైరీ రాస్తాను. ఆ రోజు పేజీ తీసి ఇచ్చాను. ఎదురుగా కూర్చుని చెప్పడం కన్నా అది తేలిక. అందులో ఇంతే ఉంది: 'హారోలో ముందు గదిలో పెట్టె తెరిచి పెట్టారు. అందరూ చుట్టూ తిరిగి పూలు వేశారు. మగవాళ్ళు బండి దగ్గరికి వెళ్ళాక ప్రభావతి ఆంటీ చీర కొంగులోంచి కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు తీసింది. మూతకి సీసం పోసి ఉంది. ఊడదీయడానికి వాళ్ళబ్బాయి సాయినాథ్ నిన్న స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించాడట, రాలేదట. నోట్లో పొయ్యలేకపోయాను, కనీసం దగ్గరుంటుంది, మోకాళ్ళ దగ్గర పెట్టు అంది. నేను శాలువా పక్కకి తీసి సర్దాను. మధ్యాహ్నం తిండి లేదు. వాన.'

నాన్న రెండుసార్లు చదివాడు. "సీసం పోసి ఉందని నీకు తెలుసు."

"తెలుసు."

"మూత బిగించినవేవీ పెట్టకూడదని ఫారంలో ఉంటుంది. ఆ ఫారాలు ప్రింట్ తీసేది నువ్వే."

"పెయింటు డబ్బాలు, సెంటు డబ్బాలు అలాంటివి అనుకున్నాను. అది గంగ చెంబు. దాన్ని డబ్బా అని ఎలా అనుకుంటాను?"

మా ఊళ్ళో కాశీ వెళ్ళొచ్చిన వాళ్ళ ఇళ్ళలో అలాంటి చెంబులు దేవుడి దగ్గర ఉంటాయి. ఎవరైనా పోయేటప్పుడే వాటిని తెరుస్తారు. తెరవకుండా వాటిని నిప్పుల్లో పెట్టిన వాళ్ళ గురించి మేమెప్పుడూ వినలేదు.

"నన్ను పిలవాల్సింది," అన్నాడు నాన్న.

"పిలుద్దామనుకున్నాను. నువ్వు బయట బండి తిప్పిస్తున్నావు. గుమ్మం నిండా మనుషులున్నారు."

గుమ్మం నిండా మనుషులుంటే నేను ఏం చేస్తానో నాన్నకి తెలుసు. డైరీ మూసి నాకిచ్చాడు. "ఆ వాక్యం తీసెయ్," అన్నాడు.

"దాని బదులు ఏం రాయను?"

"ఏమీ వద్దు."

నవంబరు ఇరవై మూడు గురువారం. నేను స్కూలు ఎగ్గొట్టి నాన్నతో వెళ్ళాను. ఇంగ్లీషులో మాట తడబడితే అందించడానికి రమ్మన్నాడు. కౌన్సిల్ బిల్డింగ్‌లో రెండో అంతస్తు. పొడుగు బల్లకి అటు వైపు ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగాయన. మధ్యలో కూర్చున్నావిడ అధ్యక్షురాలు. బల్ల మీద పారదర్శకమైన సంచిలో ఆ రాగి రేకు ఉంది. దానికి ఒక నంబరు అంటించారు. చెంబు మెడ భాగం కొంచెం గుర్తు పట్టేలా ఉంది. మాకు ఇటు వైపు, గోడ పక్కన కీత్ కూర్చున్నాడు. చెంప మీద గులాబీ రంగు గీత.

అధ్యక్షురాలు మర్యాదగానే మాట్లాడింది. పెట్టకూడని వస్తువులేవీ పెట్టెలో లేవని సంతకం చేసి ఇచ్చే ఫారం చూపించి అడిగింది. "ఇందులో మీ సంతకం పక్కన ఉదయం తొమ్మిది అని ఉంది. పెట్టె మూత ఎప్పుడు బిగించారు?"

"రెండు గంటలకి," అన్నాడు నాన్న.

"ఎక్కడ?"

"మీ క్రిమటోరియం వరండాలో."

"అంటే మూత బిగించడానికి అయిదు గంటల ముందే లోపల ఏముందో ప్రమాణం చేశారు."

"అవును."

"ఈ ఒక్కసారేనా?"

నాన్న నా వైపు చూశాడు. ఇంగ్లీషు మాట కోసం కాదని నాకు తెలుసు. "లేదు. మొదటి నుంచీ అంతే," అన్నాడు.

మగాయన అది రాసుకున్నాడు. నాన్న తనకి తెలిసిన ఇంగ్లీషులో కారణం చెప్పాడు. మా వాళ్ళు ఆలస్యంగా వస్తారు. కోవెంట్రీ నుంచి బయల్దేరిన చెల్లెలు దారిలో ట్రాఫిక్‌లో ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చే అన్న ఇంకా హీత్రో ఎయిర్‌పోర్టులో దిగుతుంటాడు. మొహం చూడకుండా పంపించరు. నేను తొమ్మిదికే మూత బిగిస్తే వరండాలో స్క్రూలు మళ్ళీ విప్పమని ఏడుస్తారు, నేను విప్పుతాను. అలాంటప్పుడు ముందే బిగించి ఏం లాభం, అని అడిగాడు.

"లాభం ఏమిటంటే," అంది అధ్యక్షురాలు, "కీత్ చెంప."

ఇటు పక్క కీత్ కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

తర్వాత ఆవిడ అసలు విషయానికి వచ్చింది. ఆ వస్తువు కుటుంబం పెట్టినదైతే, సంస్థకి తెలియకుండా పెట్టినదైతే, సంతకం విషయంలో హెచ్చరికతో సరిపెట్టవచ్చు. కుటుంబం నుంచి మీరు ఉత్తరం ఎందుకు తేలేదు?

"వాళ్ళని అడగలేదు."

"ఎందుకు?"

"వాళ్ళకి పేలిన సంగతి తెలీదు. చెప్పను."

"అయితే మేమే రాస్తాం," అంది ఆవిడ, ముందున్న కాగితాలు సర్దుకుంటూ. "భార్య పేరూ చిరునామా మా దగ్గర ఉన్నాయి. ఆమె జవాబు వచ్చాక మళ్ళీ కూర్చుందాం."

"ప్లీజ్, రాయకండి," అన్నాడు నాన్న.

"మరి ఇది మీ పని కాదని మేమెలా అనుకోవాలి?"

నాన్న బల్ల మీది రాగి రేకు వైపు చూశాడు. ఆంటీ సంగతి చెప్పడని నాకు తెలుసు. కౌన్సిల్ వాళ్ళ ఉత్తరాలు ఎలా ఉంటాయో నేను చదివాను. సంఘటన, పేలుడు, అవశేషాలు. ఆ మాటలు హారోలో ఆ ముందు గదిలో సాయినాథ్ పైకి చదివి వాళ్ళమ్మకి తెలుగులో చెబుతాడు. అతను చెప్పకపోతే ఆంటీయే చదువుకుంటుంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానంటే మా ఊరి బడిలో జవాబు చెప్పేవాళ్ళు నిలబడాలి. ఇక్కడ అక్కర్లేదని గుర్తొచ్చింది గాని, అప్పటికే నిలబడి ఉన్నాను.

"అది పెట్టింది నేను," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. ఇంకొకావిడ నా పేరు అడిగింది. హైమ అని చెప్పి, స్పెల్లింగ్ కూడా చెప్పాను. వయసు పదిహేడు అన్నాను.

"నీకు ఎవరిచ్చారు?"

"ఇంట్లో పెద్దవాళ్ళు."

"పెద్దవాళ్ళలో ఎవరు?"

"ఇల్లంతా పెద్దవాళ్ళే," అన్నాను. అది నిజం.

"మూత బిగించిన పాత్రలు పెట్టకూడదని నీకు తెలుసా?"

"తెలుసు. ఫారాలు ప్రింట్ తీసేది నేనే."

"మీ నాన్నకి చెప్పావా?"

"ఈ వివరణ టైపు చేసేటప్పుడు చెప్పాను. అంతకు ముందు చెప్పలేదు."

మగాయన పెన్ను పక్కన పెట్టి నాన్నని అడిగాడు. "ఈ అమ్మాయి మీ దగ్గర ఉద్యోగం చేస్తుందా?"

"నా కూతురు," అన్నాడు నాన్న.

"పెట్టె దగ్గర పనిచేసింది కదా."

"చేసింది."

"అయితే సంస్థకి తెలిసినట్టే లెక్క," అన్నాడాయన. అందులో కోపమేమీ లేదు. కూడిక చేసినట్టు చెప్పాడు. అధ్యక్షురాలు అతని వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. కుటుంబానికి రాయవలసిన అవసరం ఇక లేదని చెప్పి సమావేశం ముగించింది.

కారిడార్లో కీత్ మా వెనకే వచ్చాడు. "భానూ, ఆ కుండలో ఉన్నది మీ పవిత్రమైన నీళ్ళేనా?" అని అడిగాడు.

"అవును. గంగ."

"మరి నాకూ కొంచెం తగిలింది కదా. నా పాపాలేమన్నా పోయినట్టేనా?"

"నాలుగు కుట్లంత పోయి ఉంటాయి," అన్నాడు నాన్న.

కీత్ నవ్వాడు. నవ్వితే చెంప నొప్పి పుట్టి చెయ్యి పెట్టుకున్నాడు. నాన్న సారీ చెప్పాడు. ఇప్పటికి పదిసార్లు చెప్పావు, ఇక ఆపు అన్నాడు కీత్. లిఫ్టు వచ్చేదాకా ముగ్గురం నిలబడ్డాం.

బస్సులో నాన్న నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు," అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు. కొంతసేపటికి, "కూర్చునే చెప్పొచ్చు గదే," అన్నాడు.

డిసెంబరు మొదటి వారంలో నిర్ణయం వచ్చింది. జాబితాలోంచి ఆరు నెలలు పేరు తీసేశారు. ఆ తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పటి నుంచి మూత బిగించాకే ఇద్దరు సంతకం చెయ్యాలి. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళు పెట్టె దగ్గర ఉండకూడదు. ఈ నిర్ణయం మీద ఇరవై ఒక్క రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

"చెయ్యండి," అంది అమ్మ. "ఆరు నెలలు కూర్చుని ఏం చేస్తారు?"

"అప్పీలు చేస్తే కొత్తవాళ్ళు కూర్చుంటారు. మొదటి నుంచి అడుగుతారు. వాళ్ళు ఆవిడకి రాయరని నమ్మకమేంటి?"

"రాయనివ్వండి. పెట్టింది ఆవిడేగా. దీన్ని నోరు విప్పమని ఎవరు చెప్పారు? ఏడాదికో మాట మాట్లాడుతుంది, అది కూడా అక్కడే మాట్లాడాలా?"

దీన్ని అంటే నన్ను. నేను అక్కడే కూర్చుని స్కూలు పుస్తకాలకి అట్టలు వేస్తున్నాను.

"దాన్నేమీ అనకు," అన్నాడు నాన్న. ఆ ఇరవై ఒక్క రోజులూ అమ్మ క్యాలెండర్ మీద గీతలు పెట్టింది. నాన్న ఆ గీతలు చూశాడు గాని కౌన్సిల్‌కి ఏమీ రాయలేదు. నాన్న దూరంగా ఉన్న క్రిమటోరియానికి రెండు పెట్టెలు తీసుకెళ్ళాడు. ఇద్దరూ పిల్లలు లేని ముసలివాళ్ళు. బటన్ నొక్కడానికి కొడుకులు లేరు.

జనవరి చివర్లో ఒక ఉదయం ప్రభావతి ఆంటీ షాపుకి వచ్చింది. సాయినాథ్ బయట కార్లో కూర్చున్నాడు, పార్కింగ్ దొరకలేదు. ఆంటీ కొంచెం చిక్కింది. నాన్న లేచి కుర్చీ వేశాడు.

"మా తమ్ముడు అమరేందర్ పోయాడండీ నిన్న," అంది. "ఇక్కడే, హారోలోనే. షుగరు, మీకు తెలుసుగా. మీరే చెయ్యాలి. ఆయన్ని పంపిన చోటికే పంపుదాం."

నాన్న తిరిగి తన కుర్చీలో కూర్చున్నాడు. "ఆ క్రిమటోరియానికి నేనిప్పుడు వెళ్ళడానికి లేదండీ, అమ్మగారూ. జూన్ దాకా."

"ఎందుకు లేదు?"

"కాయితాల్లో చిన్న తేడా వచ్చిందండీ. కౌన్సిల్ వాళ్ళు పేరు ఆపారు."

"తేడా అంటే?"

"సంతకం. పెట్టాల్సిన టైముకి పెట్టలేదు."

ఆంటీ నమ్మలేనట్టు చూసింది. "మా ఆయనప్పుడు అంత చక్కగా చేశారు. ఎక్కడా వంక లేదు. అందరితోనూ చెప్పాను నేను, భానుప్రకాష్ లాంటి మనిషి దొరకడని. ఇంతలోకే సంతకం దగ్గర అశ్రద్ధ ఏమిటండీ? ఇదేమన్నా మన ఊరి పంచాయతీ ఆఫీసా? ఈ దేశంలో కాయితం సరిగ్గా లేకపోతే మనిషి లేనట్టే."

"నిజమేనండీ," అన్నాడు నాన్న.

"ఆయనుంటే మిమ్మల్ని కేకలేసేవారు."

"వేసేవారండీ."

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వైనా చదువుకుంటున్నావు కదమ్మా. నాన్న కాయితాలు కాస్త చూసుకోవద్దూ?"

"చూస్తానాంటీ," అన్నాను.

అదే రోడ్డులో రెండు దుకాణాల అవతల ఒక గుజరాతీ ఆయన షాపుంది. ఆయన పేరు జాబితాలో ఉంది. నాన్న ఆ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆంటీ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "మీరు మాత్రం రండి. చుట్టాల్లాగే రండి," అంది. వస్తామన్నాడు నాన్న. సాయినాథ్ కార్లోంచి చెయ్యి ఊపాడు.

కారు మలుపు తిరిగాక నాన్న ఆ గుజరాతీ ఆయనకి ఫోన్ చేశాడు. ఒక పెద్దావిడ వస్తుందనీ, మంచి కుటుంబమనీ ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళకి ఇంటి దగ్గర కాస్త ఎక్కువ టైము ఇవ్వమన్నాడు. తర్వాత నేను అక్కడే ఉన్నానని తెలిసి కూడా గొంతు తగ్గించకుండా అన్నాడు:

"మూత బిగించే ముందు, లోపల ఏం పెట్టారో అడగండి. ఆవిడని కాదు. పక్కన పూలబుట్ట పట్టుకుని ఎవరైనా ఆడపిల్ల నిలబడి ఉంటుంది. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడగండి. అడిగితే చెప్తుంది."